మంగమారిపేట రాతి తోరణం దగ్గర డైవింగ్: స్కూబానా, ఫ్రీడైవింగా?

మధురవాడ వాసి:

అందరికీ నమస్కారం. మంగమారిపేట బీచ్‌లో ఉన్న రాతి తోరణం మన వైజాగ్ వాళ్ళందరికీ తెలిసిందే. దాని ముందు నిలబడి ఫొటో దిగని వాళ్ళు మా కాలనీలో లేరు. ఈ మధ్య ఒక వీడియో చూశాను. ఆ చుట్టుపక్కల సముద్రం లోపల కూడా అలాంటి తోరణమే ఒకటి ఉందట. ఒకాయన చేపలా కింద నుంచి దూరి అవతలికి వెళ్ళిపోయాడు. అది చూసినప్పటి నుంచి మనసు ఆఫీసు పనిమీద నిలవడం లేదు.

నాకు ఈత వచ్చు, కానీ స్విమ్మింగ్ పూల్లోనే. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. బెంగళూరులో ఉన్న మా బావమరిది వచ్చే శుక్రవారం రాత్రికి దిగుతున్నాడు. వాడి వాదన ఏమిటంటే, స్కూబాకి డబ్బు దండగ, సిలిండర్ మోత ఎందుకు, ఫ్రీడైవింగ్ అంటూ ఊపిరి బిగబట్టి దిగితే సరిపోతుంది అని. సోఫాలో కూర్చుని రెండు నిమిషాలు బిగబడుతున్నాడు, ఫోన్లో టైమర్ పెట్టి నాకు చూపించాడు కూడా. నాకేమో సిలిండర్ ఉంటేనే ధైర్యం.

ఇద్దరికీ ఏది మంచిది? మొదటి రోజే తోరణం కింద నుంచి వెళ్ళనిస్తారా? నా దగ్గర మంచి స్విమ్మింగ్ గాగుల్స్ ఉన్నాయి, అవి పనికొస్తాయా? శనివారం పొద్దున డైవింగ్, మధ్యాహ్నం భోజనం చేసి కారులో అరకు, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చి వాణ్ణి ఫ్లైటెక్కించాలని ప్లాన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పునీళ్ళు:

స్కూబా నేర్పడం నా ఉద్యోగం, ఫ్రీడైవింగ్ నా సరదా. రెండూ ఎక్కువగా రుషికొండ, భీమిలి మధ్య నీళ్ళలోనే. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి రోజు తోరణం కింద నుంచి దూరడం కుదరదు. సిలిండర్‌తో కుదరదు, ఊపిరి బిగబట్టి అసలే కుదరదు. పక్కన తేలుతూ చూడొచ్చు, చుట్టూ ఒక రౌండ్ కొట్టొచ్చు, దాని ముందు ఫొటో కావాలంటే గైడ్ తీసి పెడతాడు. డబ్బులిస్తే దూరనిస్తాం అనే వాళ్ళు ఎవరైనా తగిలితే ఆ పడవ ఎక్కకండి.

ఎందుకో చెబుతాను. సముద్రంలో కొత్తవాళ్ళకి ఉన్న పెద్ద భరోసా పైన ఖాళీగా ఉండటం. మాస్కులోకి నీళ్ళొచ్చినా, భయమేసినా, పక్కనున్న మనిషి కనపడకపోయినా, నిదానంగా పైకి వచ్చేయొచ్చు. తోరణం కింద ఆ దారి మూసుకుపోతుంది. పొడవు రెండు మీటర్లే కావచ్చు, కంగారులో ఉన్నవాడికి నెత్తి రాయికి తగిలితే అదే చాలు. అందుకే ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి స్కూబా కోర్సు చేసినవాళ్ళని కూడా నెత్తిమీద కప్పు ఉన్న చోట్లకి వెళ్ళొద్దంటాం. ఈజిప్టులో దహబ్ దగ్గర బ్లూ హోల్ అని ఒక చోటు ఉంది. అక్కడి తోరణం దాదాపు 55 మీటర్ల లోతున ఉంటుంది. మనది ఆ లోతు కాదు, ఆ పొడవూ కాదు. కానీ దూరిపోదామన్న ఆ తహతహ మాత్రం ఇదే. దాన్ని దాటబోయి చాలామంది పోయారు, ఒడ్డున రాళ్ళకి వాళ్ళ పేర్లున్న ఫలకాలు బిగించి ఉంటాయి.

వీడియోలో కనపడనిది ఇంకోటి ఉంది, నీళ్ళ ఊపు. పైన అలలు చిన్నవిగా కనిపిస్తే కింద కదలిక ఉండదనుకుంటారు. అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టండి. పది సెకన్లకి ఒకటి వస్తుంటే, లోతు సముద్రంలో దాని పొడవు 150 మీటర్ల పైమాటే. అందులో సగం లోతు వరకు, అంటే సుమారు 75 మీటర్ల దాకా నీరు కదులుతూనే ఉంటుంది. మీరు దిగే పది మీటర్లు దానికి ఒక లెక్కా? ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. బయట విశాలంగా ఉన్నప్పుడు ఊయలలా సరదాగానే ఉంటుంది. అదే నీరు తోరణం లాంటి ఇరుకులోంచి పోవాల్సొస్తే వేగం పెరుగుతుంది. అక్కడి రాయి గుండ్రాయి కాదు, నత్తగుల్లలు, ఆల్చిప్పలు అతుక్కుని బ్లేడు అంచులా ఉంటుంది. చర్మం చీరుకున్న సంగతి నీళ్ళలో తెలియదు, పడవెక్కాక రక్తం చూసి తెలుసుకుంటారు. గాలి లేకుండా ఎండ కాస్తున్న రోజు కూడా, ఎక్కడో దక్షిణ సముద్రాల్లో పుట్టిన పొడుగు అలలు మన తీరానికి చేరతాయి. కాబట్టి బయల్దేరే ముందు రోజు ఇన్‌కాయిస్ వాళ్ళ అలల సూచన చూడండి. హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం సంగతి చెప్పే సంస్థ అది. అలల ఎత్తుతో పాటు, ఎన్ని సెకన్లకి ఒక అల అన్నదీ ఇస్తారు. రెండోదాన్ని ఎవరూ చదవరు, నేను మొదట చదివేది దాన్నే.

ఇప్పుడు స్కూబానా, ఫ్రీడైవింగా అన్నది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. ఆరు లీటర్ల గాలి పీల్చి ఊపిరి బిగబట్టి దిగిన మనిషి ఊపిరితిత్తుల్లో ఆ గాలి మూడు లీటర్లకి నలుగుతుంది, పైకొస్తే మళ్ళీ ఆరవుతుంది. ఇబ్బందేమీ లేదు. స్కూబాలో అలా కాదు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఆ లోతులోని ఒత్తిడికి తగ్గట్టు గాలి ఇస్తుంది, అంటే పది మీటర్ల దగ్గర కూడా మీలో నిండా ఆరు లీటర్లుంటాయి. ఆ గాలిని బిగబట్టి పైకొస్తే అది పన్నెండు లీటర్లు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఫ్రీడైవింగ్‌లో ఊపిరి బిగబట్టడమే పని, స్కూబాలో బిగబట్టడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఒకే వారాంతంలో ఒకే మనిషి రెండూ మొదలుపెట్టొద్దని చెప్పేది అందుకే. స్కూబా చేసిన రోజు ఆ తర్వాత ఊపిరి బిగబట్టి దిగడం కూడా వద్దు.

మీ బావమరిదిగారి రెండు నిమిషాల సంగతి. సోఫాలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, కాళ్ళు కదలవు, భయం ఉండదు. అలల్లో ఫిన్స్, అంటే కాళ్ళకి తొడిగే రెక్కలు, కొడుతూ దిగితే అందులో సగం కూడా మిగలదు. అసలు ప్రమాదం అది కూడా కాదు. ఊపిరి తీసుకోవాలని మనల్ని తొందరపెట్టేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ తగ్గడం మనకి పెద్దగా తెలియదు. దిగే ముందు గబగబా ఎక్కువ గాలి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఆ తొందర ఆలస్యంగా పుడుతుంది. ఎక్కువసేపు ఉండగలుగుతున్నాననుకుంటాడు, ఈలోగా ఆక్సిజన్ అయిపోతూ ఉంటుంది. పైకొస్తుంటే ఒత్తిడి తగ్గి, మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా రక్తంలోకి చేరదు. అందుకే స్పృహ తప్పడం ఎక్కువగా చివరి కొద్ది మీటర్లలోనో, తల బయటికి వచ్చాకనో జరుగుతుంది. పక్కన తెలిసిన మనిషి ఉంటే గడ్డం పట్టి నీళ్ళపైన ఉంచుతాడు, కొన్ని సెకన్లలో కోలుకుంటాడు. ఒంటరిగా ఉంటే ఇక అంతే సంగతులు. ఒకరు దిగితే ఒకరు పైన చూస్తూ ఉండాలి. పైకొచ్చాక కూడా అర నిమిషం కళ్ళు తిప్పుకోకూడదు. లోపల ఎంతసేపు ఉన్నారో అంతకి కనీసం రెట్టింపు సమయం పైన విశ్రాంతి తీసుకోవాలి. ఇద్దరూ ఒకేసారి దిగుతామంటే నేనైతే ఒడ్డునే ఆపేస్తాను.

కాబట్టి మీ ఇద్దరికీ గైడ్ పక్కనే ఉండే పరిచయ స్కూబా డైవ్ చాలు. అందులో 12 మీటర్లు దాటించరు. గాలి లెక్క కూడా చెప్పేస్తాను, టెన్షన్ తగ్గుతుంది. మామూలు అల్యూమినియం సిలిండర్ పదకొండు లీటర్లది, 200 బార్ ఒత్తిడికి గాలి నింపుతారు. 50 బార్ మిగిలేలా పైకొస్తాం. కొత్తవాడు పైన నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చితే పది మీటర్ల దగ్గర నలభై అవుతుంది. లెక్కేస్తే నలభై నిమిషాలు వస్తుంది. భయంతో ఎగపోస్తే ఇరవైలోనే అయిపోతుంది. గైడ్ మీ సిలిండర్‌లో గాలి చూపించే మీటర్ చూస్తూనే ఉంటాడు, మీరు చేపల్ని చూడండి.

గాగుల్స్ ఇంట్లోనే ఉంచండి. వాటిలో ముక్కు బయట ఉంటుంది. లోతుకి వెళ్ళేకొద్దీ లోపలి గాలి నలిగి గాగుల్స్ కళ్ళని పీల్చేస్తాయి, కళ్ళు ఎర్రబడి రెండు వారాలు అందరికీ సమాధానం చెప్పుకోవాలి. మాస్కులో ముక్కు లోపలే ఉంటుంది కాబట్టి ముక్కుతో కాస్త గాలి వదిలి సరిచేసుకోవచ్చు. చెవులకి ముక్కు మూసి మెల్లగా ఊదడమే, నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, మీటరుకోసారి.

నీళ్ళు అండమాన్‌లా ఉంటాయని ఊహించుకుని రాకండి. తుపాన్ల కాలం పోయి బురద అడుక్కి దిగాక, జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర కొంచెం మెరుగు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి తీరం దగ్గర లోతు నీళ్ళు పైకి తోసుకొస్తాయి. దీన్ని 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు గమనించి రాశారు. పైన ఎండ మాడుతుంటే కింద చల్లగా, పచ్చగా ఉంటుంది. చేపకి మంచిది, మన చూపుకి కాదు. రాయి దగ్గర లయన్ ఫిష్, ఈల్, సముద్రపు ముళ్ళకాయలు కనిపిస్తాయి. ఏదీ ముట్టుకోవద్దు. లయన్ ఫిష్ ముల్లు గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చేయి ముంచాలి, ఐసు పెట్టకూడదు.

అరకు సంగతి విడిగా రాస్తాను, క్లాసుకి టైమైంది.

భీమిలి తెప్ప:

అక్క చెప్పిందంతా నిజమే. నేను వేటకెళ్ళే ఇంటివాణ్ణి, ఒక్కటి కలుపుతాను. ఆ రాళ్ళ దగ్గరే చేప ఉంటుంది కాబట్టి మా వలలూ అక్కడే ఉంటాయి. రాయికి పట్టుకుని తెగిపోయిన ముక్కలూ అక్కడే ఉండిపోతాయి. సన్న నైలాను వల నీళ్ళలో కనపడదు. సిలిండర్‌కో, ఫిన్‌కో చుట్టుకుంటే తన్నుకోకూడదు, తన్నుకుంటే ఇంకా బిగుస్తుంది. ఆగి, పక్కవాణ్ణి పిలవాలి. గైడ్ దగ్గర చిన్న కత్తి ఉందో లేదో పడవెక్కే ముందే అడగండి.

కానీ కత్తి ఉంది కదా అని మంచి వలని కోసేయకండి. కిందటేడు మావాళ్ళు రాత్రి వేసిన వల పొద్దున చూస్తే నిలువునా కోసి ఉంది. డైవింగ్ పడవ ఒకటి ఆ పక్కన తిరగడం ఊళ్ళో అందరూ చూశారు. ఎవరిదో పేరు చెప్పను, కానీ వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే మేమే తీసి ఇచ్చేవాళ్ళం. వలకి పైన ప్లాస్టిక్ డబ్బానో, థర్మాకోల్ ముక్కో, జెండా కర్రో తేలుతూ ఉంటుంది. అది కనిపిస్తే ఆ వరుసకి దూరంగా దిగండి.

ఇంకో మాట. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో ఆటుపోట్లు పెద్దవి, నీళ్ళ లాగుడు ఎక్కువ. అష్టమి చుట్టూ తక్కువ. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి లేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం కాబట్టి ఇంజన్ల తిరుగుడు తగ్గుతుంది. కానీ అప్పటికి అక్క చెప్పిన పచ్చనీళ్ళు వచ్చేసి ఉంటాయి. ఊపిరి బిగబట్టి ఈదే వాళ్ళు పైన ఎర్ర బుడగో, జెండానో తేల్చండి. తల ఒక్కటే బయట పెడితే అలల్లో ఇంజన్ తోలేవాడికి కొబ్బరికాయో మనిషో తెలియదు.

రాళ్ళ మాస్టారు:

జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి రాయి తరఫున రెండు ముక్కలు.

తోరణం అనగానే మనవాళ్ళు తిరుమల శిలాతోరణంతో పోలుస్తారు. అది దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, కొండమీద గాలివానలకి అరిగి మిగిలింది. మన తీరం రాయి ఎక్కువగా ఖొండలైట్, తూర్పు కనుమల రాయి. పొరలుగా, పగుళ్ళతో ఉంటుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిని అల రెండు వైపుల నుంచీ కొడుతుంది. మెత్తబడిన పొర దగ్గర, పగులు దగ్గర ముందు గుహ పడుతుంది, రెండు గుహలు కలిస్తే తోరణం.

మరి నీళ్ళ అడుగున ఎలా? సుమారు 20,000 ఏళ్ళ కిందట హిమయుగంలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉండేది. అంటే మీరు డైవింగ్ చేసే చోటు అప్పుడు పొడి నేల, తీరం ఎక్కడో తూర్పున. మంచు కరిగి నీరు పైకొస్తున్న క్రమంలో ఒక్కో మట్టం దగ్గర అలలు రాళ్ళని చెక్కుతూ వచ్చాయి. ఇప్పటి మట్టానికి దాదాపుగా చేరింది ఆరేడు వేల ఏళ్ళ కిందట. ఆ రోజుల ఎత్తుపల్లాల సాక్ష్యం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో కూడా ఉంది. డైవింగ్‌కి వెళ్ళే దారే కదా, ఒక గంట ఆగి చూడండి. దిబ్బలెక్కి జారొద్దు.

తోరణాలు కూలిపోతాయి. మాల్టా దేశంలో గోజో దీవి దగ్గర అజూర్ విండో అని 28 మీటర్ల తోరణం ఉండేది, 2017 మార్చి 8న తుపానులో సముద్రంలో కలిసిపోయింది. ఇప్పుడు దాని ముక్కల మధ్య డైవర్లు తిరుగుతున్నారు. కాబట్టి ఒడ్డునున్న దాని మీదికెక్కి ఫొటోలు దిగే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్కూబా వాళ్ళకీ ఒక మాట: కింద ఆగి గాలి వదిలితే బుడగలు కప్పుకి తగిలి అక్కడే నిలుస్తాయి. ఆ కప్పుని పట్టుకుని బతికే జీవాలు గాలిలో చిక్కుకుని ఎండిపోతాయి.

సీతమ్మధార:

మధ్యలో వస్తున్నందుకు సారీ. ఎలాగూ దిగుతున్నారు కదా, ఘాజీ సబ్‌మెరైన్ కూడా చూపిస్తారా?

ఉప్పునీళ్ళు:

ఈ ప్రశ్న లేకుండా వైజాగ్‌లో డైవింగ్ చర్చ ముగియదు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 డిసెంబర్లో హార్బర్ బయట మునిగింది. అది నేవీ చూసుకునే ప్రాంతం, టూరిస్టులకి కాదు. సబ్‌మెరైన్ చూడాలనుంటే ఆర్కే బీచ్‌లో కుర్సురా ఉంది, టికెట్ కొని లోపలికే వెళ్ళొచ్చు, ఒళ్ళు తడవదు. నేవీ మాట వచ్చింది కాబట్టి, పడవ మీద నుంచి డ్రోన్ ఎగరేద్దామనే ఆలోచన ఉంటే అదీ మానండి.

ఇక అరకు. మధురవాడ వాసిగారూ, మీ ప్లాన్‌లో ప్రమాదం సముద్రంలో లేదు, ఘాట్ రోడ్డు మీద ఉంది. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ కొంత ఒంట్లో కరిగి ఉంటుంది. పైకొచ్చాక గంటల తరబడి మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే మీరు ఎత్తుకి వెళ్తే బయటి ఒత్తిడి తగ్గి, కీళ్ళలో, నరాల్లో బుడగలు కట్టొచ్చు. విమానానికి ముందు ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగమని చెప్పేది ఇందుకే. 600 మీటర్లు దాటిన కొండలకీ అదే లెక్క. అరకు లోయ 900 మీటర్ల పైన ఉంది, దారిలో షిమిలిగూడ స్టేషన్ బోర్డు మీదే 996 మీటర్లని రాసి ఉంటుంది. పొద్దున డైవ్, సాయంత్రానికి అరకు అంటే సరిగ్గా చేయకూడని పని. హోటల్ ప్యాకేజీల్లో రెండూ ఒకే రోజు పెట్టేస్తుంటారు, చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

శనివారం పొద్దున ఏడింటికల్లా డైవ్ పెట్టుకోండి. మిగతా రోజంతా ఊళ్ళోనే ఉండండి, కైలాసగిరి దాకా పర్వాలేదు. ఆదివారం తెల్లవారుజామున అరకు బయల్దేరితే దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది. రాత్రి ఫ్లైట్‌కీ ఇబ్బంది లేదు. శనివారం సముద్రం బాగోకపోతే డైవ్‌ని ఆదివారానికి జరపొద్దు, ఫ్లైట్‌కి గంటలు చాలవు. ఆ విడత అరకుతో సరిపెట్టుకోండి.

డైవ్ తర్వాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి, మామూలుగా లేని అలసట కనిపిస్తే సర్దుకుంటుందిలే అని పడుకోకండి. 108కి ఫోన్ చేసి, డైవింగ్ చేశామని మొదటే చెప్పండి. సముద్రంలో ఉండగా అవసరమైతే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

మధురవాడ వాసి:

అక్కా, చాలా థాంక్స్. అరకు ఆదివారానికి మార్చేశాను. అష్టమి ఎప్పుడో మా అమ్మ క్యాలెండర్ చూసి చెప్పింది, మన శనివారానికి దగ్గర్లోనే ఉంది. మాస్టారూ, దిబ్బల దగ్గర తప్పకుండా ఆగుతాం.

ఒక్క చిక్కు. బావమరిదికి నిన్నటి నుంచి జలుబు. ముక్కు తెరుచుకునే మాత్ర వేసుకుని దిగుతానంటున్నాడు.

ఉప్పునీళ్ళు:

దిగొద్దు. ముక్కు మూసుకుపోతే చెవులు సర్దుకోవు. మాత్ర పనిచేసి కిందికి వెళ్ళగలిగినా, నీళ్ళలో ఉండగా దాని ప్రభావం తగ్గిపోతే పైకొచ్చేటప్పుడు గాలి బయటికి రాక ఇరుక్కుంటుంది. కిందికి వెళ్ళలేకపోతే ఊరుకోవచ్చు, పైకి రాలేకపోతే ఎలా ఊరుకుంటాం? శుక్రవారానికి పూర్తిగా తగ్గితే సరే, లేకపోతే పడవలో కూర్చుని మీ బట్టలకి కాపలా కాస్తాడు.

భీమిలి తెప్ప:

లంగరేసిన పడవలో ఊరికే కూర్చోవడం నీళ్ళలో దిగడం కన్నా కష్టం అన్నా. వాంతి మాత్ర గంట ముందే వేయించండి, ఇంజన్ పొగ తగలని వైపు కూర్చోబెట్టండి. ఫోన్ చూడనివ్వకండి.